మొక్కు పేరున పులిని చూడబోతే

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది. "బాపమ్మా, పొద్దున అడవిలో జంతువులు, మధ్యాహ్నం మంచి భోజనం, సాయంత్రం ద్రాక్షతోటలో వైను, చివరికి పట్నంలో మ్యూజియాలు. సెలవులకు ఇట్లా తిరగాలని ప్లాన్ చేస్తున్నాం. నువ్వూ తాతా ఎప్పుడైనా ఇట్లాంటిది అనుకున్నారా?" అని. అనుకున్నాం తల్లీ. వైనుతో సహా అనుకున్నాం. ఏమైందో చెప్పేలోపు నీ ఫోను కట్టయింది, అందుకని అందరికీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

ఆ రోజుల్లో యాత్ర అంటే దేవుడి దగ్గరికి పోవడమే. ఊరికే చూసి రావడానికి పోతామంటే ఒంట్లో ఎట్లా ఉందని నుదురు పట్టి చూసేవారు. నిజాం నాటి హాలీ సిక్కాలు పోయి కొత్త పైసలు వస్తున్న కాలమది. నాకు పెళ్ళై ఏడాది నిండలేదు. మీ తాత కరీంనగర్‌లో గుమాస్తా. ఆదివారం ఆదివారం జగిత్యాల దగ్గర మా అత్తవారి ఊరికి వచ్చేవాడు. వస్తే ఇంటినిండా మనుషులు. పెద్దల ముందు పట్టపగలు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడమనేది లేనే లేదు. ఆయన ముఖం వెలుతురులో నేను సరిగ్గా చూసిందీ లేదు. (నడినెత్తిన ఒక సుడి ఉందని మాత్రం తెలుసు. అన్నం వడ్డించేటప్పుడు వంగితే కనపడేది అదొక్కటే.) ఆ సుడి కింద ఉన్న మనిషి ఎట్లాంటివాడో తెలుసుకోవాలని, ఎవరూ లేని చోట ఆయనతో నాలుగు మాటలు మాట్లాడాలని ఎంత ఆశగా ఉండేదో! పులి మీదా పట్నం మీదా నాకేమంత మోజు లేదు, నిజం చెబుతున్నాను.

మాకు సాయం చేసింది మా బర్రె. నేను కొట్టంలో దానికి కుడితి పెడుతుంటే ఆయన అవతలి పక్క నిలబడి దాని వీపు నిమురుతూ మాట్లాడేవాడు. "ఏమే బర్రే, ఉట్నూర్ల నా దోస్తు ఉన్నడు. ఆఫీసుల జీపున్నది. అడివంత తిప్పి పులిని చూపెడ్తనంటుండు. వస్తవా?" నేను తల ఎత్తకుండా బర్రె చెవిలో జవాబు చెప్పేదాన్ని. "పులిని జూసి ఏం జేస్తవే బర్రే? పులే నిన్ను జూస్తది." ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గేవాడు. ఇట్లా వారం వారం మా యాత్ర పెరిగింది. దోస్తు భార్యది మహారాష్ట్ర వైపు, ఆమె చేతి జొన్నరొట్టె, పిట్ల అనే శనగపిండి కూర తినాలి. వేటకు వచ్చిన ఎవరో దొర దోస్తుకు ఒక ద్రాక్షసారా సీసా ఇచ్చిపోయాడట, అది రుచి చూడాలి. ("తాగితే ఇంగ్లీషు వస్తదటనే బర్రే!") అక్కణ్ణుంచి హైదరాబాదు పోవాలి. ఇరానీ చాయ, బిర్యానీ, ఖుబానీ కా మీఠా, అజాయబ్‌ఘర్‌లో (మీ మ్యూజియమే) నవాబుల కత్తులు, వీలైతే ఒక నాటకం. మా మామ అరుగు మీద నుంచి, "గా బర్రెతోని ఏం ముచ్చట్లురా నీకు? గిందుకేనా నిన్ను సదివిచ్చింది?" అని అరిచేదాకా సాగేది మా ప్లాను.

ఇంట్లో అడగడం దగ్గర మీ తాత తన తెలివంతా చూపించాడు. ఊరికే తిరగడానికంటే పంపరని, "అవ్వా, పోయినేడు జరమొచ్చినప్పుడు ఉట్నూరు అడివిల పోచమ్మకు మొక్కుకున్న. ఇద్దరం పోయి కొబ్బరికాయ కొట్టొస్తం" అన్నాడు వాళ్ళ అమ్మతో. నేను తలుపు వెనక నిలబడి లోలోపల మురిసిపోయాను. అత్తమ్మ చేతిలోని చాటను కింద పెట్టింది.

"మొక్కు నీ ఒక్కనిదార? ఇంటిది! గిన్నొద్దులు నోట్లె పెట్టుకొని కూసున్నవా? పోచమ్మకు కొబ్బరికాయతోని పోతదా? యాట వద్దా? కల్లు వద్దా? బోనం వద్దా?"

"కోపం జేస్తది తల్లి," అన్నాడు మా మామ.

మరుసటి వారానికి పెద్ద ఆడబిడ్డ పిల్లలతో దిగింది. మామ ఒక యాటను (మేకపోతును మేమట్లాగే అంటాం) కొనుక్కొచ్చాడు. మీ తాత కొట్టంలోకి వచ్చి దిగులుగా, "ఇంటిల్లిపాది వస్తున్రే బర్రే" అన్నాడు. "నన్నొక్కదాన్నే ఇడిశిపెట్టి పోతున్రా అని అడుగుతున్నది," అన్నాను నేను.

ఉట్నూరులో బస్సు దిగేసరికి జీపు దోస్తు మా గుంపును చూసి, బస్సు పైనుంచి దించుతున్న యాటను చూసి, నోరు తెరిచాడు. "భావూ, ఇద్దరమే అంటివి గద?"

"మొక్కు జర పెరిగింది," అన్నాడు మీ తాత.

జీపులో ముందు సీటులో అత్తమ్మ, వెనక గంజులు, గిన్నెలు, పిల్లలు, యాట. మిగిలిన వాళ్ళం నడిచాం. ఇంతకీ ఏ పోచమ్మ అన్నది మీ తాత ఆలోచించనే లేదు. అడవి అంచున పసుపు కుంకుమ పెట్టిన రాయి ఒకటి కనపడేసరికి ఆయన ముఖంలో వచ్చిన భక్తిని నేనిప్పటికీ మరచిపోలేదు. బోనం దించాం. దోస్తు తన మాట నిలబెట్టుకుంటూ ఆ ద్రాక్షసారా సీసాను గుడ్డలో చుట్టి మీ తాత చేతికి చాటుగా ఇచ్చాడు. అత్తమ్మ కళ్ళకు చాటనేది లేదు. "గదేంది?" అన్నది. మూత తీసి వాసన చూసింది. "దొరలు తాగేదా? మంచిది. మంచిది ముందు తల్లికే" అని, కల్లు సాక పోసినట్లే ఆ రాయి ముందు సీసా మొత్తం ధారగా పోసేసింది. ఎర్రగా మట్టిలో ఇంకిపోతుంటే మీ తాతా దోస్తూ చేతులు జోడించి చూస్తూ ఉండిపోయారు. మాకందరికీ మోదుగాకు దొప్పల్లో మామూలు కల్లే.

కూర మాత్రం ఎంత బాగా కుదిరిందో! తిని, తాగి, ఎక్కడి వాళ్ళక్కడ కొంగులు కప్పుకుని నిద్రపోయారు. మామ గురకకు చెట్టు మీది కోతులు కూడా పారిపోయాయి. నేను బిందె తీసుకుని వాగుకు బయలుదేరాను. కొంచెం దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు. మీ తాత. ఇద్దరమే. పట్టపగలు. ఇన్నాళ్ళు ఎదురుచూసింది దీనికోసమే కదా? మధ్యలో బర్రె లేకపోయేసరికి ఇద్దరికీ మాట పెగల్లేదు.

"మంచిగున్నదా?" అన్నాడు చివరికి.

"ఏంది?"

"అదే, అడివి."

"మంచిగనే ఉన్నది."

అంతే, అయిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బిందె నింపుకుని లేచాను. అప్పుడు ఆయన నా భుజం మీదుగా అవతలికి చూసి, గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎనుకకు తిరగకు."

"ఎందుకు?"

"పులి."

"ఏం జేస్తున్నది?" అన్నాను.

"పండుకున్నది. కదలకు. మెల్లగ మాట్లాడుకుంట ఉంటే మీదికి రాదట."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నీకేమిష్టం, ఏమిష్టం లేదు, గదే చెప్పు."

చెప్పాను. పుంటికూర ఇష్టమని, మామ దగ్గు వింటే భయమని, మా చెల్లె యాదికొస్తే వంటింట్లో ఏడుస్తానని, ఐదో తరగతితో బడి మాన్పించారని ఇంకా కోపంగా ఉందని. ఆయనా చెప్పాడు. ఆఫీసులో తనను ఎవరూ పేరుతో పిలవరని, కరీంనగర్‌లో ఇద్దరికీ సరిపోయే గది ఒకటి చూశానని, వాళ్ళ అవ్వను అడిగే ధైర్యం లేక ఊరుకున్నానని. "అడుగుండ్రి," అన్నాను నేను. పులి ఉందనే ధైర్యమేమో, మొగుడికి ఎదురుగా మొదటిసారి ఒక పని చెప్పాను. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. బిందె చంకలోనే ఉంది, బరువు తెలియలేదు. ఆయన చెయ్యి చెమటతో తడిసి ఉంది, అది తెలిసింది. దూరం నుంచి ఆడబిడ్డ, "ఓ పిల్లా, నీళ్ళకు పోయినవా, బాయి తవ్వుతున్నవా?" అని కేకేసింది. ఆయన చెయ్యి వదిలి, "పోయింది," అన్నాడు.

పులి మాట వినగానే అత్తమ్మ గంజులు సర్దించింది. హైదరాబాదు సంగతి మీ తాత గొణిగితే, "పట్నంల ఏ దేవునికి మొక్కినవురా?" అన్నది. అట్లా మా పట్నం పోయింది. కానీ ఆ నెలలోనే ఆయన కరీంనగర్ గది మాట అడిగాడు. అత్తమ్మ కాసేపు నన్ను చూసి, "పొండ్రి. ఆ బర్రెకైన నెమ్మది దొరుకుతది," అన్నది.

హైదరాబాదు పోయింది చాలా ఏళ్ళకు, మీ నాన్న చెయ్యి పట్టుకుని. కొత్తగా కట్టిన జూలో పులి బోను ముందు నిలబడి, ఇదే సందని మీ తాతను అడిగాను: "నిజం చెప్పుండ్రి, ఆనాడు ఉండెనా?" ఆయన పులి వైపు చూశాడు, నా వైపు చూశాడు, "పోరలు ఐస్‌ఫ్రూట్ అంటున్రు," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. చుట్టాల ముందు చెప్పేటప్పుడు మాత్రం ఆ పులి ఏడాదికింత పొడుగు పెరిగేది. నేను ఒంటరిగా అడిగితే ఆ నవ్వే. ఆయన పోయేదాకా ఆ నవ్వే.

మెడ కొంచెం తిప్పితే తెలిసిపోయేది. బిందె చంకన పెట్టుకుని కట్టెలా నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. ఇంతకీ ఆ మధ్యాహ్నం నా వెనక పులి ఉందా, లేదా?