పేరుకు ముందు నేను రాసిన అక్షరం

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. అయినా మదనపల్లె చుట్టుపక్కల నా చేతి మీదుగా ఎంబీబీఎస్ అయినవాళ్ళు ఎంతమందో నాకే గుర్తులేదు. ఎండీలు, ఎమ్మెస్‌లు, పళ్ళ డాక్టర్లు కూడా ఉన్నారు. ఎవరికీ పరీక్ష పెట్టలేదు. నిచ్చెన వేసుకుని, ఎనామిల్ డబ్బా కొక్కేనికి తగిలించి, బోర్డు మీద రాసిచ్చాను. అంతే.

బోర్డులు రాసేవాడు నిచ్చెన మీద ఉంటే కింద ఉన్నవాళ్ళు వాడిని మరిచిపోయి ఏదైనా మాట్లాడుకుంటారు. అలా విని నేర్చుకున్నదే నా వైద్యవిద్య. డాక్టరు కావాలంటే చదివి పాసైతే చాలదు. ముందు తాత్కాలికంగా ఒక కాగితం ఇస్తారు. దాంతో ఏడాదిపాటు ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా పని చేయాలి. అది పూర్తయిందని సర్టిఫికెట్ తెచ్చి, మిగతావన్నీ జతచేసి రాష్ట్ర మెడికల్ కౌన్సిలుకు పెట్టుకుంటే అప్పుడొక నంబరు వస్తుంది. ఆ నంబరు వచ్చాకే సొంతంగా మందు రాయాలి. బోర్డు మీద పేరు కింద ఆ నంబరు ఉండాలి. పేరులో తప్పు రాస్తే తిట్టి ఊరుకుంటారు గానీ నంబరులో తప్పు రాస్తే బోర్డంతా చెరిపిస్తారు.

ఇన్ని తెలిసినవాణ్ణి. తెలిసే ఒక పని చేశాను.

నేనుండేది మదనపల్లెలోనే గానీ మా ఊరు పుంగనూరు పోయే దారిలో ఉంది. అక్కడ మాకందరికీ ఉన్న వైద్యం ఒకే ఒక మనిషి, సూదుల చిన్నాయన. నాకు రక్తసంబంధం లేదు, ఊరి వరసే. వయసులో ఉన్నప్పుడు మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గర పన్నెండేళ్ళు కాంపౌండరుగా చేశాడు. ఆ డాక్టరు పోయాక ఊరికొచ్చి రోడ్డు పక్కన రేకుల గది వేసుకున్నాడు. జ్వరాలు, విరేచనాలు, పార తెగిన కాళ్ళు, తేలు కుట్టిన చేతులు. నా మోకాలి మీద కుట్లు ఆయన వేసినవే, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. తన చేతిలో లేనిది వస్తే మాత్రం క్షణం ఆగేవాడు కాదు. తనే బస్సెక్కించి, కండక్టరుకు అప్పగించి మదనపల్లెకు పంపేవాడు. ఎవరైనా డాక్టరు సారూ అంటే ఊరుకునేవాడు కాదు.

"డాక్టర్ను కాదప్పా. డాక్టరు యాడుండాడో దావ సూపించేటోణ్ణి" అనేవాడు.

ఆయన బోర్డు మీద కూడా పేరు, దాని కింద 'ప్రథమ చికిత్స' అని మాత్రమే ఉండేది.

ఆయన ఒక్కగానొక్క కూతురు కుప్పంలో మెడిసిన్ చదివింది. నాకంటే చాలా చిన్నది, నన్ను అన్నా అంటుంది. పరీక్షలన్నీ పాసై ఆ పిల్ల హౌస్ సర్జన్‌గా చేరిన రోజు నుంచి చిన్నాయన నోట నంబరు తప్ప ఇంకో మాట లేదు. ఏడాదైతే నంబరు వస్తుంది. నంబరు రాగానే ఊళ్ళోనే ప్రాక్టీసు పెడతానంది పాప. రేకుల గది ముందు సిమెంటు గది కట్టించాడు. అందులో పాపకు టేబులు. తనకు పాత గదే.

"నంబరు పాపది, సూది నాది" అని పక్క అంగడిలో బట్టలు కుట్టే సాయిబుతో చెప్పేవాడు.

"జీతమిస్తాదా నీ బిడ్డ?" అనేవాడు సాయిబు.

"జీతమెందుకు భాయ్. నువ్వు నన్ను దొంగ డాక్టరు అనకుండా ఉంటే సాలు."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. కానీ రోడ్డు మీద ఏ జీపు ఆగినా చిన్నాయన చేతిలో పని ఆగిపోవడం నేను చిన్నప్పటి నుంచి చూశాను. మిగిలింది ఆ ఒక్క ఏడాది. అది గడిస్తే, పాప చాటున, పోయేదాకా భయం లేకుండా సూది వేసుకోవచ్చు. ఆయన ఆశంతా అదే.

ఆ ఏడాదిలోనే పాత బోర్డు తుప్పు పట్టిందని కొత్తది రాయమన్నాడు.

"ఉండేది ఉండేట్టు రాయిరా. నీ తెలివి పెట్టొద్దు."

పెట్టాను. పేరుకు ముందు ఎర్ర రంగుతో 'డా' అని ఒక అక్షరం, పక్కన చుక్క. ఆయన ముఖం చూడాలని. నిజం చెప్పాలంటే, మొహమైనా గుర్తులేని ఎంతోమందికి ఆ అక్షరం రాశాను, నా మోకాలు కుట్టిన మనిషికి రాయలేదే అన్నది కూడా ఉంది.

ఆయన నిమ్మనపల్లెలో ఎవరినో చూసి రావడానికి పోయినప్పుడు బోర్డు తగిలించి సాయిబు అంగడిలో కూర్చున్నాను. చిన్నాయన మోపెడ్ దిగి తలెత్తి చూశాడు. ఒక్క క్షణం ఆ ముఖంలో కనబడింది సంతోషమేనని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత నేరుగా నా మీదికి వచ్చాడు.

"ఏందిరా అది?"

"నంబరు వచ్చేలోపల నీకు అలవాటు కావాల గదా చిన్నాయనా."

"తుడిచేయ్. ఎవురన్నా సూస్తే నా కొంప మునిగిపోతాది."

"ఎవురు సూస్తారు? మనూర్లో సగం మందికి సదువు రాదు. మిగతా సగంలో నేనొకణ్ణి."

సాయిబు కత్తెర కింద పెట్టి మరీ నవ్వాడు. చిన్నాయన నవ్వలేదు. టర్పెంటైన్ తేలేదు, ఆదివారం వచ్చి తుడుస్తానని చెప్పి బండెక్కాను.

ఆ ఆదివారం కలకడలో గోడ రాసే పని తగిలింది. ఆ పై ఆదివారం పెళ్ళి. ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. "డాక్టరు గారికి నమస్కారం" అంటూ ఎత్తాను. మూడోసారి చేయలేదు. గీకితే రేకు తేలి ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుందని, పుండ్లకు వేసే తెల్ల ప్లాస్టరు ముక్క తెచ్చి ఆ అక్షరం మీద అంటించాడట. ఎండకు ఊడేది, మళ్ళీ అంటించేవాడు. సాయిబు ఆ సంగతి చెప్తే, "బోర్డుకు గూడా కట్టు కట్టినాడా" అని నేను నవ్వాను.

నేను తుడవని ఆదివారాల తర్వాత ఒక బుధవారం జీపు వచ్చింది. ఎక్కడో చదువు లేని వైద్యం వికటించి, అధికారులు ఊరూరా చూసుకుంటూ వస్తున్నారట. నేను పోయేసరికి గదికి సీలు వేసి ఉంది. జరిగిందంతా సాయిబే చెప్పాడు.

"పక్కూర్లో సూదులేసే ఆయన్ని సెలైన్ స్టాండు తీసేయమని, సంతకం పెట్టించుకొని పోయినారంట. ఈడా అట్లే పోయేటోళ్ళప్పా. ఒక సారు బోర్డు పక్క సూసినాడు. సగం ఊడిన ప్లాస్టరు పట్టుకొని పీకినాడు. డాక్టరని రాసుకొనేది ఒక తప్పు, దాన్ని దాచేది ఇంగో తప్పు అన్న్యాడు. ఎవురు రాసిరంటే మీ చిన్నాయన ఏమన్న్యాడో తెలుసా?"

ఏమన్నాడని అడిగాను.

"నేనే రాయించుకున్న్యా సార్, భయమేసి మూసినా, అన్న్యాడు."

చిన్నాయన సాయిబు బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. నేను రాశానని పోయి చెప్తానన్నాను.

"చెప్తే ఏమైతాది? నువ్వు రాస్తివి, ఇన్నాళ్ళు నేను ఉంచుకొంటి గదా" అన్నాడు. మళ్ళీ తనే, "పాపకు నంబరు రావాలరా. దరఖాస్తులో తండ్రి పేరని ఒక గడి ఉంటాది. ఈ రచ్చ పెద్దదైతే ఆ పేరు సూసి ఆపేస్తారేమో. నువ్వు నోరు మూసుకో" అన్నాడు. నన్ను నోరు మూసుకోమన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను మూసుకున్నది అప్పుడే.

పాపకు వేరేవాళ్ళు చెప్పకముందే తనే చెప్పాలని ఆదివారం నన్ను తోడు తీసుకుని కుప్పం బయలుదేరాడు. పలమనేరులో బస్సు మారాం. దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, నేను కూడా కిటికీలోంచే చూశాను. ఆసుపత్రి బయట టీ అంగడి దగ్గరికి పాప తెల్లకోటుతోనే వచ్చింది. అంతా వింది.

"బోర్డు మీద డాక్టరని యాల రాయించుకున్న్యావు నాయనా? ఎప్పుడూ లేంది?"

"ఆశ పుట్టింది పాపా" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. చేతిలో టీ గ్లాసు ఉంది. తాగాను.

మదనపల్లెకు తిరిగొచ్చాక నేను బోర్డు రాసిచ్చిన డాక్టర్లను ఒకరి తర్వాత ఒకరిని అడిగాను. తండ్రి మీద కేసు ఉంటే బిడ్డ నంబరు ఆగుతుందా అని. ఆగదు, ఆ పిల్ల పాసైన కాగితాలు, హౌస్ సర్జన్ పూర్తిచేసిన కాగితం సరిగ్గా ఉంటే చాలు, తండ్రి పేరు పేరు వరకే అన్నారు అందరూ. ఈ మాట ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. బస్సెక్కి పోయి చెప్పాను. చిన్నాయన నా చేయి పట్టుకుని, "అయితే ఇంగ ఏడు నెలలే" అన్నాడు. ఆయన లెక్కలో రెండో సగం, 'సూది నాది' అన్నది, ఇంకా అలాగే ఉంది. గది మూతపడింది గానీ, నంబరు వస్తే మళ్ళీ తెరుచుకుంటుంది, లోపలి గదిలో తను ఉంటాడు.

కేసులో తప్పు ఒప్పుకుని జుల్మానా కట్టాడు. ఆ ఏడు నెలలూ సాయిబు అంగడిలో చొక్కాలకు గుండీలు కుట్టాడు. కళ్ళద్దాలు లేకుండా దారం ఎక్కించేవాడు. "సూది వదిలితే సచ్చిపోతాడు ఈయన" అనేవాడు సాయిబు. ఆ గుండీల కోసం జనం చొక్కాలు అక్కడే కుట్టించుకున్నారంటే అబద్ధం అవుతుంది గానీ, ఊడలేదన్నది నిజం.

నంబరు వచ్చింది. గది సీలు అప్పటికే తీశారు. నేను బోర్డు రాయడానికి పోయాను. పాప నిచ్చెన కింద నిలబడి కాగితం చూసి నంబరు చదువుతుంటే, ఒక్కో అంకె రాశాను. చివరి అంకె అయ్యాక, దిగకుండానే, చెప్పేశాను. ఆ 'డా' నేను రాసిందే, ఆశ పుట్టింది మీ నాయనకు కాదు అని.

పాప తలెత్తలేదు. చేతిలో కాగితం మడుస్తూ, "ఇంగా ఏమైనా రాయాల్సింది ఉందా అన్నా?" అంది.

"లేదు."

"అయితే దిగు. నీతో పనుంది."

దిగాను. ఆమె గొంతు తగ్గించి చెప్పింది. నంబరున్న డాక్టరు, నంబరు లేనివాళ్ళ చేత వైద్యం చేయిస్తే అది పెద్ద తప్పు, తన నంబరు కూడా పోవచ్చు. చూసీచూడనట్టు పోయేవాళ్ళేమో, ఇదివరకైతే. ఇప్పుడు నాయన పేరు మీద కేసు ఉంది, ఆఫీసు వాళ్ళకు ఈ గది తెలుసు. నాయన ఇంక సూది ముట్టకూడదు.

"నేను సెప్పలేనన్నా. నువ్వు సెప్పు" అంది. నన్ను శిక్షించాలని కాదు, నిజంగానే చెప్పలేక అడిగింది. రెండూ ఒకటే అయ్యాయి.

చిన్నాయన లోపలి గదిలో ట్రే తుడుస్తున్నాడు. కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. నా బతుకంతా వేళాకోళం మాటలతోనే గడిచింది. ఆ గడప దగ్గర కూడా నాకు వచ్చిన ఆ విద్యే వాడాను.

"చిన్నాయనా, నీకు రిటైర్మెంటు ఇచ్చినారు."

తుడవడం ఆపాడు. "పాప చెప్పమనిందా?"

తలూపాను.

"మంచిదే. పాప సెప్పేది సరే" అన్నాడు. ట్రే తుడవడం పూర్తిచేసి, గుడ్డ మడిచి, పక్కన పెట్టాడు.

మొదటి రోజు గది నిండా జనం. చిన్నాయన బయట బెంచీ మీద, వచ్చినవాళ్ళ మధ్యలో కూర్చున్నాడు. టమాటా తోటలో కూలికి పోయే ఒక అవ్వ పాప దగ్గరికి పోకుండా నేరుగా ఆయన ముందుకొచ్చి చేయి చాపింది.

"నువ్వే వెయ్యప్పా. ఆ యమ్మి చేయి కొత్తది."

ఆయన రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"నాకు చేయి వణుకుతాండాదవ్వా. ఇంగ పాపే వేస్తాది, పో."

ఆ చేయి ఎప్పుడూ వణకలేదు. కానీ ఆ ఒక్క మాటతో అవ్వ లోపలికి పోయింది. ఆ రోజు ఇంకో ఐదారుగురికి అదే మాట చెప్పాడు. పాప దగ్గర సూది వేయించుకోనన్న వాళ్ళంతా జాలిపడి లోపలికి పోయారు. వారంలో ఊరంతా నమ్మింది. ఒకరు గుడుపల్లె దగ్గర ఎవరో వేర్లు ఇస్తారన్నారు. ఒకరు టీ గ్లాసు సగమే పోసిచ్చారు. చేయి వణికే మనిషి గుండీలు కుట్టకూడదు గదా, సాయిబు అంగడిలో సూది కూడా మానేశాడు. నలుగురిలో గ్లాసు పట్టుకుంటే కొంచెం వణికించేవాడు. సాయిబుకూ, నాకూ తెలుసు. పాపకు తెలుసో లేదో నేను అడగలేదు.

పాప మంచి డాక్టరు. సాయంత్రం దాకా జనం ఉంటారు. నేను పోయినప్పుడల్లా చిన్నాయనతో వెనక పెరట్లో కూర్చుంటాను. మొన్న పోయినప్పుడు ఇద్దరమే ఉన్నాం. ఆయన టీ గ్లాసు అందుకున్నాడు. అంచుల దాకా ఉన్న టీ తొణికి వేళ్ళ మీద పడింది.

"ఈడ ఎవురూ లేరు చిన్నాయనా. ఇంగ సాలించు" అన్నాను నవ్వుతూ.

ఆయన గ్లాసు కింద పెట్టి, చేతిని మోకాలి మీద చాచి చూసుకున్నాడు.

"నేనేం వణికిస్తాండ్లేదురా" అన్నాడు.