అరువు గంటల డాన్సు

డిగ్రీ పట్టా చేతికొచ్చిన కొత్తలో నా కాళ్లు ఒక్కచోట నిలిచేవి కావు. బస్సు కోసం నిలబడ్డా తాళమే, అన్నం ముందు కూర్చున్నా తాళమే. (మా అమ్మ కంచం అటూ ఇటూ జరగకుండా పట్టుకుని "ముందుగాల తిను, తర్వాత ఎగురు" అనేది.) ఇవాళ కూడా అదే పరిస్థితి. ఎందుకంటే నా దగ్గరొక కబురుంది, చివరిదాకా దాచుకునే ఓపిక నాకు లేదు. మొన్న సోమవారం నుంచి మా పినపాక వైపు ఇంకో రెండు బళ్లలో డాన్స్ పీరియడ్ మొదలైంది! టైంటేబుల్లో, లెక్కల కిందా సైన్సు పైనా, అచ్చు అక్షరాల్లో "నృత్యం" అని ఉంది. ఫొటో తీసి మా వీధిలో అందరికీ చూపించాను, చదువు రాని మా నాన్నకైతే రెండుసార్లు చూపించాను. ఇదంతా మేకల చలవ అని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తాను.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేనే. ఖమ్మంలో పుస్తకాల కంటే కాలేజీ డాన్స్ టీమే నాకు ఎక్కువ వంటబట్టింది. చదువయ్యాక, ఎవరి ఊళ్లకు వాళ్లం వెళ్లి బడిపిల్లలకు డాన్స్ నేర్పుదామని టీమంతా అనుకున్నాం. నేను అడవి అంచునున్న మా ఊరి హైస్కూలుకే వెళ్లాను. పెద్దసారు (సత్తుపల్లి వైపు మనిషి, మాట మెత్తన, చూపు గరుకు) నన్ను కింది నుంచి పైదాకా చూసి, "డాన్స్ సిలబస్‌లో లేదు కదయ్యా. సరే, శుక్రవారం ఆఖరి పీరియడ్ తీసుకో. వార్షికోత్సవానికి విద్యాశాఖ ఆఫీసర్ మేడం వస్తున్నారు. ఆవిడ బాగుందంటే ఉంచుతాను. లేదంటే లెక్కల సారుకి ఇచ్చేస్తాను" అన్నారు. లెక్కల సారు అప్పటికే గుమ్మంలో చాక్‌పీసుతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. అంతకంటే పెద్ద చిక్కు ఇంట్లో ఉంది. మా అమ్మ అప్పటికే ఊరందరికీ "మా పోరడు సారయ్యిండు" అని చెప్పేసింది. ఏం సారో వాళ్లు అడగలేదు, ఈవిడ చెప్పలేదు. ఆ ఒక్క పీరియడ్ పోయిందంటే నేను సార్‌ని కాదు, మళ్లీ పోరణ్నే.

పిల్లలు బాగా నేర్చుకున్నారు. లోటల్లా గజ్జెలు. మణుగూరు ఫ్యాన్సీ షాపు భాయ్‌కి ఎప్పుడో చెప్పిపెట్టాను. ఎప్పుడు వెళ్లినా "ఆగయా సమ్‌ఝో సార్, వచ్చినట్టే అనుకో, మాల్ తొవ్వల ఉన్నది" అనేవాడు. ఆ మాల్ ఏ తొవ్వన నడిచొస్తోందో గానీ, వార్షికోత్సవం పొద్దుటికి కూడా రాలేదు. నేను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతుంటే, ముందు వరసలో ఆడే తొమ్మిదో తరగతి పిల్ల (అందరూ కెప్టెన్ అంటారు) వచ్చింది.

"సార్, మా అవ్వ మేకలకు గంటలున్నయ్. తేవాల్నా?"

"మేకల గంటలా?"

"మోగుతయ్ సార్."

కెప్టెన్ వెంట వాళ్లింటికి నడిచాను. మేకల అవ్వ దొడ్లో ఒక్కో మెడ నుంచి తాడు విప్పుతూ నన్ను తేరిపార చూసింది. "ఏంది సారూ, కాళ్లకు కట్టుకుంటరా? గివి మెడకు కట్టేటియి."

"డాన్సుకు అవ్వా."

"అవ్, సార్‌వి, నీకు తెల్వదా! పొద్దుగూకంగనే నా గంటలు నాకియ్యాలె."

గంటలిచ్చి, బోసి మెడల మేకల్ని అడవికి తోలుకుపోయింది. సాయంత్రం అవి తిరిగొచ్చే తొవ్వ మా బడి గేటు ముందు నుంచే. ఆ సంగతి నాకు తెలుసు, సమయానికి తట్టలేదంతే. (డిగ్రీలో నాది జువాలజీ.)

సాయంత్రం పిల్లలకు ఆఖరి మాటగా "ఏమైనా సరే ఆగొద్దు, నవ్వొద్దు, పక్కకు చూడొద్దు" అని గట్టిగా చెప్పాను. పాట మొదలైంది. షామియానా కింద గంటలు ఘల్లుమన్నాయి. నేను పొంగిపోతూ ఉండగా గేటు దగ్గర ఒక గడ్డం కనిపించింది. పెద్ద మేకపోతు. మేకలకు గంట ఎక్కడ మోగితే అక్కడే మంద కదా! దాని వెనకాల మిగతావన్నీ నేరుగా ఆటలోకి వచ్చేశాయి. పిల్లలు ఆగలేదు, నవ్వలేదు, పక్కకు చూడలేదు. పరీక్ష రాస్తున్నట్టు మొహాలు పెట్టి, మేకల మధ్య నుంచి అడుగులేస్తూనే ఉన్నారు. కెప్టెన్ కాలెత్తితే ఒక మేక తన గంటను తాను వాసన చూసుకుంది. ఇంకొకటి మేడం గారికి వెయ్యాల్సిన బంతిపూల దండ సగం తినేసింది. ఆగిందీ, అరిచిందీ, మేక వెంటపడి బోర్లా పడిందీ నేనొక్కణ్నే. వెనకాల అవ్వ కట్టె పట్టుకుని ఉరికొస్తోంది: "ఓ సారూ! గంటలిచ్చినందుకు నా మేకల్ని గూడ గుంజుకుంటివా?"

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లెక్కల సారు మొహం మాత్రం వెలిగిపోతోంది. మేడం మెల్లగా అడిగింది, "ఇదేం డాన్స్ అండీ, హెడ్మాస్టర్ గారూ?"

పెద్దసారు మట్టికొట్టుకున్న నన్ను చూశారు. తర్వాత మేకల్ని చూశారు. గొంతు సవరించుకున్నారు. "మేకల కాపరి నృత్యం మేడం. మా ఊరి ప్రత్యేకత. పిల్లలతో పాటు మేకలకు కూడా మా డాన్స్ సారే ట్రైనింగ్ ఇచ్చారు."

నన్ను ఒకరు "డాన్స్ సార్" అనగా వినడం అదే మొదటిసారి. మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నమ్మిందో, నవ్వాపుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. "పీరియడ్ తీసెయ్యకండి. వచ్చే నెల కొత్తగూడెంలో కూడా చేయించండి. మేకలతో సహా" అంది. (చేయించాం. ట్రాలీ ఆటోలో తీసుకెళ్తే మేకలు స్టేజీ ఎక్కనే లేదు. కొత్త చీర కట్టుకొచ్చిన అవ్వ మాత్రం ఎక్కింది, దిగమంటే దిగలేదు.)

అది చూసిన ఇంకో రెండు బళ్లవాళ్లు మాకూ డాన్స్ కావాలన్నారు. భాయ్ మాల్ కూడా చివరికి వచ్చింది. మొన్న సోమవారం కొత్త బడిలో, తళతళలాడే అసలు గజ్జెలు పిల్లల కాళ్లకు నేనే కట్టాను. అవి ఘల్లుమనగానే నా తల దానంతటదే గేటు వైపు తిరిగింది.

"ఎవరన్న వస్తరా సార్?" అంది ఒక పిల్ల.

"ఎవరూ రారులే, నువ్వు ఆడు" అన్నాను. ప్యూను గేటు వెయ్యబోతే మాత్రం, ఉండనివ్వమన్నాను.