చేప పేను చెప్పిన సాక్ష్యం

చిత్తూరు మార్కెట్లో పచ్చి చేప వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నా బొటనవేలు నా మాట వినదు. తనంతట తానే వెళ్ళి మొప్ప ఎత్తుతుంది, రెక్కల కింద తడుముతుంది, పొలుసుల మీద అటూ ఇటూ పాకుతుంది. మొన్న అమ్మే ఆవిడకు ఒళ్ళు మండింది. "ఏమ్మా, చేప కొనేకొచ్చినావా, పెళ్ళిచూపులకొచ్చినావా?" అంది. నాకు నవ్వాగలేదు. ఈ చూపులు నాకు నేర్పింది తిరుపతిలో జంతుశాస్త్రం చెప్పిన సులోచన మేడం. ఆవిడ జన్మలో చేప ముక్క నోట పెట్టి ఎరగరు.

తొంభైల చివర్లో నేను అక్కడ ఎమ్మెస్సీ చదివాను. మేడంది పాకాల. పొద్దున రైలు దిగి నేరుగా చేపల మార్కెట్టుకు వెళ్ళేవారు. లోకమంతా చేప తీసుకుని పేగులు పారేయమంటుంది కదా, ఆవిడ చేపను వదిలేసి పేగులూ మొప్పలూ అడిగేవారు. చేపలమ్మే మునెమ్మ కొన్నాళ్ళు చూసి, పాపం ఈ టీచరమ్మకు చేప కొనే తాహతు లేదనుకుంది. ఒకరోజు సంచిలో ఒక కొరమీను దూర్చి, "పిల్లోళ్ళకు పులుసు పెట్టమ్మా, పేగులు తిని యాడ బతుకుతారు?" అంది. కాదంటే నొచ్చుకుంటుందని మేడం దాన్ని అలాగే ల్యాబుకు తెచ్చారు. మాంసం అటెండరుకు పోయింది, పేగు మాకు దక్కింది. కోసి నీళ్ళలో వేస్తే తెల్లటి రిబ్బనులాంటి బద్దెపురుగు మెల్లగా కదిలింది. మేడం చప్పట్లు కొట్టారు. "సూడండి, నోరు లేదు, పొట్ట లేదు. అద్దె కట్టకుండా ఎంత సుఖంగా కాపురముండాదో!"

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చంద్రగిరి అవతల మా ఊరి చెరువులో నీళ్ళు అడుగంటాయి. చేపల కోసం చెరువును పాటకు తీసుకున్న మునిరత్నం నీళ్ళు వదలొద్దనేవాడు. వరి ఎండిపోతోంది, తూము ఎత్తమని మా నాయన. ఇద్దరూ నలుగురిలో మాటా మాటా అనుకున్న కొద్దిరోజులకే చేపలు చచ్చి తేలడం మొదలైంది. ఇంకేముంది, పురుగుమందు కలిపింది మా నాయనేనని ఊరంతా తీర్మానించేసింది. పంచాయితీకి రోజు పెట్టారు. నాయన అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. నేను తిరుపతికి పరుగెత్తి మేడం ముందు ఏడ్చేశాను.

ఆవిడ అంతా విని ఒకటే అడిగారు. "వస్తాను. అయితే మందని తేలితే అందరి ముందరా అదే సెప్తా. రమ్మంటావా?"

నేను బల్ల మీది లెన్సును అటూ ఇటూ తిప్పాను. నాయన కోపం నాకు తెలుసు. అంత పని చేయడనీ తెలుసు. "రండి మేడం" అన్నాను.

చెరువు కట్ట మీద ఊరంతా ఉంది. "కూతురు తెచ్చిన మనిషి నాయన మాటే సెప్తాది" అన్నాడు మునిరత్నం గుర్రుగా. "అయితే చేపను నువ్వే పట్టియ్యప్పా" అని మేడం కుచ్చిళ్ళు దోపుకుని బురదలో దిగారు. అతను పట్టిచ్చిన చేప ఇంకా కొట్టుకుంటోంది. ఒంటి నిండా ఎర్రటి పుండ్లు. రెక్క మొదట్లో గోటితో గీకి గాజు గ్లాసులో వేశారు. గుండ్రంగా, గింజంత, అద్దంలా ఉన్నదేదో గిర్రున తిరుగుతూ ఈదింది. మేడం లెన్సు అతని చేతికే ఇచ్చారు.

"ఓరి దేవుడా, దీనికి కండ్లుండాయప్పా!" అని అరిచాడు మునిరత్నం. ఇక చూడాలి సంబరం! పంచాయితీ మాట మరిచి పెద్దమనుషులు గ్లాసు కోసం పిల్లల్లా తోసుకున్నారు.

"చేప పేను. నెత్తురు తాగతాది" అన్నారు మేడం. "నీళ్ళు తగ్గి చేపలు కిక్కిరిసేసరికి ఒకదాన్నుంచి ఒకదానికి ఎక్కేసినాయి. పురుగుమందు పడింటే చేపకన్నా ముందు ఇవే సచ్చిండాల. ఇవి సూడు, ఎట్ల ఈదతాండాయో!"

నాకు గాల్లో తేలినట్టయింది. విరుగుడు కూడా ఆవిడే చెప్పారు. ఆ పేను గట్టి చెక్కల మీద గుడ్లు పెడుతుందట. పలకలు ముంచిపెట్టి, గుడ్లు పట్టాక తీసి ఎండలో ఆరేస్తే సరి. నాయన వెళ్ళి మా పశువుల కొట్టం తలుపు ఊడదీసి తెచ్చాడు. రెండో కొస మునిరత్నం పట్టుకున్నాడు.

సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు నాయన మెల్లగా అడిగాడు. "అమ్మా, మందని తేలింటే సెప్పుండేవాళ్ళా?"

"సెప్పుండేదాన్నేనన్నా."

నాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "అందుకేనమ్మా, ఊరు మీ మాట నమ్మింది."

మేడం ఇప్పుడు లేరు. చిత్తూరులో అదే పాఠం నేను చెబుతున్నాను. ప్రతి ఏడూ మొదటి చేప కోయబోయే ముందు పిల్లల్ని అడుగుతాను, మీరు కోరుకున్నది కాక మరొకటి కనబడితే ఏం చెబుతారని. "కనబడిందే చెబుతాం మేడం" అని వాళ్ళు ఠక్కున అనేస్తారు. నాకు మాత్రం ఆ మాట అడిగిన ప్రతిసారీ, "రండి మేడం" అనే ముందు లెన్సును తిప్పుతూ నిలబడిన ఆ క్షణమే గుర్తొస్తుంది.