తలకిందులైన ‘అ’

పోయిన వారం మా ఊళ్లో పాత పత్రికల ముఖచిత్రాల ప్రదర్శన పెట్టారంటే, మోకాళ్ల నొప్పిని కూడా వెంటబెట్టుకుని వెళ్లాను. ఒక గోడ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. తెల్లటి అట్ట మీద ఎర్రటి ‘అ’ ఒక్కటే, అదీ తలకిందులుగా. గీసినవారెవరో తెలియదని కింద చీటీ. అక్షరాన్ని అలా తిరగేయడం ఆ రోజుల్లో ఎంతో సాహసమని అక్కడి అమ్మాయి ఎవరికో వివరిస్తోంది. గీసింది మా చిన్నాన్న. అది సాహసం కాదు, పొరపాటు. అచ్చు కాకముందే ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

చిన్నాన్న ఒక ప్రెస్సులో కటింగ్ మిషను మీద పనిచేసేవాడు. కాగితం మీద తీగలు, నెమళ్లు కనబడితే చాలు, ఆయనకు ఒళ్లు మండేది. ఎక్కడినుంచో విదేశీ పత్రికలు సంపాదించి, మాటలు అర్థం కాకపోయినా, వాటిలో వదిలిన ఖాళీని గంటల తరబడి చూసేవాడు. మా అక్క శుభలేఖలో వినాయకుణ్ణి తీసేసి ఓ మూలన నాలుగు వరుసలు సర్దితే, మా నాయనమ్మ అది చావు కబురనుకుని ఏడ్చింది.

అలాంటి ఆయనకు ఒక సంఘం పత్రిక తెలుగు ప్రత్యేక సంచికకు అట్ట వేసే అవకాశం వచ్చింది. లోపలి పేజీలు నెల్లూరులో, అట్ట మాత్రం ఇక్కడ. బాగా వస్తే ఇక బొమ్మల పనంతా నీదే, లేకుంటే మళ్లీ మిషనే అన్నాడు యజమాని. చుట్టూ అరవమే కాబట్టి మా ఇళ్లల్లో తెలుగు నోటికే గాని కంటికి లేదు, ప్రెస్సులోనూ అంతే. ఎవరో రాసిచ్చిన ‘అ’ను చిన్నాన్న చెక్క మీద చెక్కాడు. బిగించేటప్పుడు దాని పైభాగం కిందికి పోయింది.

నెల్లూరులో చదువుతూ లిపి నేర్చుకున్నదాన్ని, సెలవులకు వచ్చి ఉన్నాను. చేతులు కడుక్కుని మరీ ప్రూఫు పట్టుకొచ్చాడు.

“ఎట్ల ఉండాది పాపా? సుమ్మా చెప్పొద్దు, నెజం చెప్పు.”

చూడగానే తెలిసింది. కానీ వినాయకుణ్ణే తీసేసిన మనిషి, అక్షరాన్ని కావాలనే తిప్పాడేమో! అడిగితే నాకేమీ తెలియదనుకుంటాడేమో! చదువుకున్నదాన్నన్న బింకం నా నోరు నొక్కేసింది.

“శానా బాగుండాది చిన్నాన్నా.”

ఆవిష్కరణ సభలో ముఖ్య అతిథి సంచికను అటూ ఇటూ తిప్పి చూశాడు. ముందు వరుస నవ్వింది, తర్వాత హాలంతా. ఎందుకో తెలియక చిన్నాన్న కూడా నవ్వాడు. అది చూడలేక నేను తల దించుకున్నాను. మర్నాటి నుంచి ఆయన మళ్లీ మిషను దగ్గరే. పెన్సిలు ఇక ముట్టలేదు.

చివరి రోజుల్లో, గోరిమేడు ఆస్పత్రిలో నేను గంజి తాగిస్తుంటే అడిగాడు.

“నీకు చదవను వచ్చు గదమ్మా. ఆ పొద్దు చూసుకోలేదా, ఏంది?”

“చూసుకోలేదు చిన్నాన్నా.”

“అదే అనుకుంటిని. చూసుంటే చెప్పకుండా ఉంటావా?” అని నెమ్మదిగా మిగతా గంజి తాగాడు.

నిజం చెప్పడానికి కాలం నాకు రెండుసార్లు చోటిచ్చింది. ఆ తర్వాత ఇచ్చిన ఇన్నేళ్లలోనూ వినడానికి ఆయన లేడు.