గ్లాసు ఖాళీ అయ్యేదాకా

నా చిన్నప్పుడు మా తమ్ముడికి ఇద్దరు తల్లులు ఉండేవారు. ఒకరు మా అమ్మ, రెండోది పాలసీసా. ఇద్దరిలో వాడికి ఎవరంటే ఎక్కువ ఇష్టమో ఇప్పుడు చెప్పడం మర్యాద కాదు. అమ్మ మాత్రం ఆ సంగతి గ్రహించి, సీసాతో కొంచెం ముభావంగానే ఉండేది.

అప్పట్లో మేం ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న గూడ్సుబండి గార్డు. బండి తోకకి తగిలించే బ్రేక్‌వ్యాన్‌లో ఒక జెండా, ఒక లాంతరు, ఒక క్యారియర్ పెట్టుకుని ఒంటరిగా వెళ్ళి, రైల్వేవారికి దయ కలిగినప్పుడు తిరిగొచ్చేవాడు. మా వీధిలో గడియారాలు లేకపోలేదు గాని వాటిని చూసేవాళ్ళు లేరు. వర్క్‌షాపు సైరన్ కూస్తే పొద్దు, మళ్ళీ కూస్తే మధ్యాహ్నం, ఇంకోసారి కూస్తే సాయంత్రం. పొయ్యి మీద ఎసరు, బడికి బయల్దేరే పిల్లలు, మొగుడూ పెళ్ళాల తగువులు, అన్నీ ఆ కూతకే మొదలై ఆ కూతకే ఆగేవి.

తమ్ముడి పాలు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి. సైరన్ మొదలవగానే అమ్మ సీసా నింపేది. నేను వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని నోటికి అందించేదాన్ని. పిల్లాడి కడుపుని వర్క్‌షాపుకి అప్పగించడమనే ఈ పొరపాటు మా కాలనీలో కాక ఇంకెక్కడా జరిగి ఉండదు. కొన్నాళ్ళకి వాడికి ఆకలికీ కూతకీ తేడా తెలియకుండా పోయింది. అప్పుడే బువ్వ తిని ఉన్నా, సైరన్ వినపడితే చాలు, నోరు తెరిచి రెండు చేతులూ చాపేవాడు.

"ఈ గుంటడు పుట్టుకతోనే రైల్వే ఎంప్లాయీ. సైరన్ మోగితే గాని డ్యూటీ ఎక్కడు" అని నాన్న మురిసిపోయేవాడు. మురవడానికి ఆ రోజుల్లో మాకు అంతకు మించిన సౌకర్యాలు ఉండేవి కావు.

వాడికి ఏడాది దాటాక వచ్చిన ఎండాకాలంలో వెనక లైన్లో ఒక పసిబిడ్డ విరేచనాలతో పోయింది. ఆ తర్వాత అదే లైన్లో ఇంకో బిడ్డకి పట్టుకుంది. వీధిలో ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించారంటే పిల్లల్ని చెవులు రిక్కించమని చెప్పడమే కదా, నేను అన్నీ విన్నాను. ఏం లాభం, తర్వాతి వంతు మా తమ్ముడిదే అయింది. ఒక్కరోజులో కళ్ళు లోపలికి పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేని ముసలివాడిలా తయారయ్యాడు.

రైల్వే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి బతికించారు. పంపించేటప్పుడు అక్కడి బెంగాలీ డాక్టరుగారు మా సీసాని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, పాలపీకని లోపలి వైపు తిప్పి అమ్మకి చూపించారు. పాలు ఎండి, మూలల్లో నల్లగా ఏదో పేరుకుని ఉంది. "బోతల్ ఫేలే దావ్" అన్నారు. పారెయ్యమని. ఇకనుంచి మరిగించి చల్లార్చిన పాలు గ్లాసుతోనే పట్టమన్నారు. మళ్ళీ ఇదే జబ్బు వస్తే ఈ ఒంటితో తట్టుకోలేడని కూడా, చాలా నెమ్మదిగా, బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ చెప్పారు.

అమ్మ సీసా పారెయ్యలేదు. కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. రైల్వే మనుషులం, దేనికైనా ఒక స్పేర్ ఉండాలని మా నమ్మకం.

తమ్ముడు గ్లాసుని చూసి మూతి బిగించాడు. అమ్మ పాట పాడింది, కాకిని చూపించింది, బుగ్గలు నొక్కింది. నేను గంతులేశాను. నాన్న ఇంట్లో ఉన్న రోజున పచ్చజెండా ఊపాడు. దేనికీ బండి కదల్లేదు. పాలు గడ్డం మీంచి కారి చొక్కాని పోషించాయి. సైరన్ కూసిన ప్రతిసారీ వాడు సీసా కోసం గుక్కపట్టేవాడు, అమ్మ గ్లాసు పట్టుకుని మీదికి వెళ్ళేది. కూత ఆగాక కూడా మా ఇంట్లో మోత ఆగేది కాదు. వాడి పక్కటెముకలు ఒక్కొక్కటీ బయటికి వస్తున్నాయి.

మా పక్కింట్లో ఒక మామ్మ ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికి వచ్చి, ఖరగ్‌పూర్‌లోనే జుట్టు తెల్లబరుచుకున్న మనిషి. ఆవిడ భర్త ఒకప్పుడు ఇంజన్ డ్రైవరు. ఎలా పోయాడో ఎవరూ చెప్పేవారు కాదు. లోకో షెడ్డు వైపు ఉన్న కిటికీ ఆవిడ ఎన్నడూ తెరవదు గనక, అర్థం చేసుకున్నవాళ్ళు అర్థం చేసుకునేవారు. ఒకరోజు మా యుద్ధం చూడలేక గుమ్మంలోకి వచ్చింది.

"ఏటే పిల్లా, ఆడి మూతి మీదకి అలాగ దండెత్తుతున్నావు? అందరూ సుట్టూ సేరి నోట్లోకే సూత్తంటే నువ్వయితే తాగతావా? ఒగ్గెయ్."

"ఒగ్గేస్తే ఏటవుతాడు మామ్మా! ఎండిపోతన్నాడు."

"పట్టుకుంటే మాత్రం ఏటి తాగినాడు?"

అమ్మ విన్నది. అయినా ఒగ్గెయ్యలేదు. భయపడ్డ మనిషి చేతులు ఊరికే ఉండలేవు.

ఆ తర్వాత ఒక సాయంత్రం. సాలువా వైపు ఆకాశం నల్లగా వాచింది. ఆ ఋతువులో వచ్చే కాలబైశాఖి గాలివాన ముందు ఎప్పుడూ ఉండే ఉక్క. కాకులు తీగల మీద అరవకుండా కూర్చున్నాయి. నాన్న ఆ పొద్దున్నే టాటానగర్ వైపు బండెక్కి వెళ్ళాడు. సాయంత్రం వర్క్‌షాపు సైరన్‌కి ఇంకా వేళ కాలేదు. అప్పుడు లోకో షెడ్డు నుంచి ఇంకో సైరన్ కూసింది.

వర్క్‌షాపుది ఒకటే పొడుగు కూత. షెడ్డుది అలా కాదు, ఆగి ఆగి, ఊపిరందని మనిషిలా కూస్తుంది. ఎక్కడో లైను మీద ప్రమాదం జరిగిందని, సహాయం బండి బయల్దేరాలని దాని అర్థం. ఆ కూతకి వీధిలో ప్రతి తలుపూ తెరుచుకుంది. ఆడవాళ్ళు ఉన్నవాళ్ళు ఉన్నట్టే బయటికొచ్చి నిలబడ్డారు. కాలనీ మొత్తం మీద ఒక్క మా తమ్ముడు మాత్రం ఆ సైరన్ విని నవ్వి, రెండు చేతులూ చాపాడు.

టాటానగర్ లైనులో ఒక గూడ్సుబండి అని ఎవరో సైకిల్ మీద పోతూ అరిచి చెప్పారు. ఏ బండో తెలీదు. అమ్మ గుమ్మం పట్టుకుని ఉండిపోయింది. తమ్ముడు పాల కోసం ఏడుపు అందుకున్నాడు, అది కాస్తా కేకలయింది. కాసేపటికి అమ్మ నిద్రలో నడిచినట్టు లోపలికి వెళ్ళి, స్టూలు జరిపి, అటక మీదికి చెయ్యి చాపింది. మామ్మ ఎప్పుడు వచ్చిందో, ఆ చెయ్యి పట్టుకుంది.

"దించకు."

"ఈ ఒక్కసారికీ మామ్మా. ఆడి ఏడుపు ఇనలేకపోతన్నాను."

"మొగుడి కబురు ఇంకా రానేదు. కొడుకు కబురు నువ్వే ఎదురెల్లి తెచ్చుకుంటావేటి?"

అమ్మ స్టూలు దిగింది. మామ్మ మమ్మల్ని తన వరండాలోకి నడిపించింది. ఎదురింటి బెంగాలీ ఆవిడని, మేం బౌదీ అనే వదినగారిని, పిలిచింది. చివరి క్వార్టర్లో కొత్తగా కాపురానికొచ్చిన అక్కనీ పిలిచింది. ఆ అక్క భర్త ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్, అతనూ ఆ వైపే వెళ్ళాడు. "టీపొడి అయిపోనాది, పాలే తాగండి" అంటూ మామ్మ చిన్న స్టీలు గ్లాసులు అందరి చేతుల్లోనూ పెట్టింది. టీపొడి డబ్బా నిండుగా ఉందన్న సంగతి నాకు తెలుసు. ఆ పొద్దునే నేను అరువుకి వెళ్తే అందులోంచే పెట్టింది.

తమ్ముణ్ణి మధ్యలో నేల మీద కూర్చోబెట్టమంది. "ఆడి మొకం ఎవులూ సూడొద్దు. ఆ సంగతే మరిసిపోండి. తాగండి."

"నాకు గొంతు దిగదు మామ్మా" అంది అమ్మ.

"దిగకపోతే మూతి కాడ ఎట్టుకో. నీకోసం కాదులే."

నలుగురూ రోడ్డు వైపు చూస్తూ గ్లాసులు ఎత్తారు. మామ్మ అయితే జుర్రుమని చప్పుడు చేస్తూ తాగింది. తమ్ముడు ఏడుపు ఆపాడు. ఎవరూ మూతి పట్టుకోవడం లేదు, కాకిని చూపించడం లేదు. ఇంత అవమానం వాడికి ఎప్పుడూ జరిగి ఉండదు. మామ్మ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి గ్లాసు మీద చెయ్యి వేశాడు. "ఇది పెద్దోలది, నీకు కాదు" అని ఆవిడ గ్లాసు పక్కకి తిప్పేసుకుంది. అమ్మ గాజులు కదిలాయి. మామ్మ కళ్ళతోనే ఆపింది.

వాడు కాసేపు ఆలోచించి చివరి క్వార్టర్ అక్క దగ్గరికి వెళ్ళాడు. వాడి సంగతి నిజంగానే మరిచిపోయిన మనిషి ఆ వరండాలో ఆమె ఒక్కతే. ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, గ్లాసు వాడి మూతికి ఆనించింది. వాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. మొదటి గుక్క పొలమారింది. రెండోది దిగింది.

అప్పుడే వీధి మలుపులో కాల్‌బాయ్ కనిపించాడు. డ్యూటీకి రమ్మని ఇంటింటికీ వచ్చి పిలిచే మనిషి. వయసు యాభై దాటినా రైల్వే ఆయన్ని బాయ్ గానే ఉంచింది. ఎప్పుడూ వీధి చివర నుంచే బెల్లు కొట్టుకుంటూ, "లేవండి, కదలండి" అని కసురుకుంటూ వచ్చేవాడు. ఎవరికోసమూ ఆగినవాడు కాదు. ఆ రోజు బెల్లు కొట్టలేదు. సైకిలు దిగి నడిపించుకుంటూ వస్తున్నాడు. అమ్మ నా భుజం పట్టుకుంది. ఆ గోళ్ళు నాకు గుర్తే. ఆయన మా గుమ్మం దాటాడు. మామ్మ వరండా ముందు ఆగి టోపీ తీశాడు. అమ్మ వైపు చూడలేదు.

"అమ్మా" అన్నాడు అక్కతో. "ఓసారి ఇంటికాడికి రా తల్లీ."

ఆమె తలెత్తలేదు. గ్లాసుని ఇంకొంచెం వంచింది.

"పిల్లడు తాగుతున్నాడు బాబాయ్. ఆగండి" అంది.

ఆయన ఆగాడు. సైకిలు స్టాండు వేసి, అటు తిరిగి, టోపీ చేత్తో పట్టుకుని రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. తొలి చినుకులు చొక్కా మీద పడుతున్నా ఆయన వరండాలోకి రాలేదు. మాలో ఎవరూ కదల్లేదు. మా తమ్ముడు మాత్రం ఏ తొందరా లేకుండా, మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటూ, అడుగుదాకా తాగాడు. అక్క తన కొంగుతో వాడి మూతి తుడిచింది. ఖాళీ గ్లాసు అమ్మ చేతికిచ్చి, వాణ్ణి నాకిచ్చి లేచింది. "పదండి" అంది.

నాన్న మర్నాడు వచ్చాడు. ఆయన బండిని వెనకాల ఏదో చిన్న స్టేషన్లో ఆపేశారట. అమ్మ ఆయనకి అన్నం పెట్టి, ఆయన తింటున్నంతసేపూ వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడింది. సంతోషం బయటికి వినపడితే చివరి క్వార్టర్‌కి వెళ్తుందని భయం. సీసాని నాన్నే అటక మీంచి దించి పగలగొట్టాడు. కొన్నాళ్ళకి అక్కని వాళ్ళ అన్న వచ్చి ఊరికి తీసుకుపోయాడు. మళ్ళీ చూడలేదు. తమ్ముడు బతికి, పెరిగి, ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఏ గ్లాసునీ కాదనడని మరదలి ఫిర్యాదు.

పిల్లలకి సీసా మాన్పించే ఉపాయం నన్ను చాలామంది కోడళ్ళు అడిగారు. చూడకండి, మీరు తాగండి అని మామ్మ మాటే చెప్పాను. చాలాసార్లు పనిచేసింది. కాని ఆ రోజు నాకు మిగిలింది అది కాదు. ఆ అక్కకి తెలుసు. కాల్‌బాయ్ బెల్లు కొట్టకుండా వచ్చినప్పుడే తెలుసు. ఆ గ్లాసులో పాలున్నంతసేపూ ఆమె భర్త బతికే ఉన్నాడు. కాల్‌బాయ్ ఆ పాలని తొందరపెట్టలేదు.

మొన్నామధ్య మా వదినకి వాళ్ళ అమ్మగారు పోయిన కబురు చెప్పాల్సిన పని నా మీద పడింది. వెళ్ళేసరికి ఆవిడ రొట్టెలు కాలుస్తోంది. ఇంకా పిండి ముద్దలు ఉన్నాయి. "ఏంటి ఇలా వచ్చావు, కూర్చో" అంది. కూర్చోలేదు. ఆఖరి రొట్టె పెనం మీంచి దిగి, ఆవిడ పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కునేదాకా వంటింటి గుమ్మంలో అటు తిరిగి నిలబడ్డాను.