పదకొండోదానికి క్షయం

సోలాపూర్ భవాని పేట్‌లో బీడీలు చుట్టే సీతాబాయి ఒక పరమాణువు గుండెకు క్షయ పరీక్ష చేయించింది. సరే, చేయించుకున్నది తనకే. జబ్బు మాత్రం పరమాణువుదే, అందులో మార్పు లేదు.

సీతాబాయికి అనుమానం పుట్టుకతో వచ్చిన ఆస్తి. తన తునికాకు పక్కవాళ్లు లాగేస్తారని అరుగు మీద పదిమందికీ దూరంగా, గోడకు వీపానించి కూర్చుంటుంది. ఆ గోడకు ఆవల, సాంచెల మీద టవళ్లు నేసే మల్లేశం కూతురు స్నేహ పరమాణువుల మీద పరిశోధన చేస్తుంది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల స్నేహితురాలితో అంటున్న ఫోను మాటలు కిటికీలోంచి వచ్చిపడ్డాయి.

"దీపాలీ, పదిమంది ఒక్కదగ్గర కూసున్నరనుకో. పదకొండోది దూరంగుంటది. కలువదు, విడువదు. దానికి క్షయం తప్పదు. ఎంతసేపు ఆగుతదంటవా? సెకనుల లక్ష కోట్ల వంతు గూడ పట్టదు. నా లెక్క పక్కా."

సీతాబాయి చేతిలో కత్తెర ఆగింది. పదకొండోది తనే. తంబాకు దుమ్ముకు రెండు వారాలుగా దగ్గు. క్షయ అని కార్ఖానాకు తెలిస్తే రేపటినుంచి ఆకు ఇవ్వరు. ఆకు లేకపోతే ఇంట్లో పొయ్యి లేదు.

ఆ పూట అరుగు మీది బాలమణి మంచినీళ్లిస్తే, గ్లాసు వేరుగా పెట్టిందేమోనని తిప్పి తిప్పి చూసింది. మంగళ ఎండ తగులుతోందని చేట జరుపుకుంటే, తన నుంచే జరిగిందనుకుంది. అందరికీ తెలిసిపోయింది, తనకే ఆఖరున తెలిసింది!

మూడో రోజు మొహం నిండా కొంగు కప్పుకొని దవాఖానాకు పోయి తెమడ ఇచ్చి వచ్చింది. ఏమీ లేదన్న కాగితం చేతికందగానే తిన్నగా స్నేహ ముందు నిలబడింది.

"ఏందే పోరీ, నాకు క్షయ అని పేటంత చాటుతున్నవా? ఇగో కాగజ్. నీ లెక్క గలత్!"

స్నేహ కాగితం చదివి, నవ్వాపుకోడానికి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "అయ్యో పెద్దమ్మా, అది బెరిలియం పరమాణువు. దాని గుండెల పది కణాలు ఒక్కదగ్గరుంటయి, ఒక్క న్యూట్రాన్ దూరంగుంటది. పోలిక మాత్రం నిన్ను చూసే చెప్పిన."

"గదీ! నాకు ముందే ఎరుక."

"క్షయమంటే రోగం గాదు. ఎక్కువైన మిడిసిపాటు వెలుగులెక్క వదిలి కుదుటపడుడు. ఎంత జల్ది వదుల్తదో లెక్క కడుతున్న."

"కుదుటపడ్డంక పదిమందిల కలుస్తదా?"

"లేదు. దూరంగనే ఉంటది."

"అక్కల్ ఉన్నదే దానికి, తెలివిగలది," అంది సీతాబాయి.

ఇదంతా రాసి నేను చదివి వినిపిస్తే సీతాబాయి చుట్టిన బీడీకి దారం పుటుక్కున తెంపింది.

"దవాఖానానా? నేనా? జిందగిల దగ్గలే. గా పోరి ఎవ్వలో నాకెరుకలే. అసలు మా అరుగుకు గోడనే లేదు. అంత ఝూట్!"