రైల్వే గేటు దగ్గర తొమ్మిది దెబ్బలు

రైల్వే గేటు వేసి ఉంది. గేటు ముందు ఆగిన తెల్ల కారు తలుపు లాగి, లోపలున్న మనిషిని కాలరు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చాడు సమ్మెట. మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోది దవడ మీద. మూడో దెబ్బకి ఆ మనిషి మోకాళ్ళ మీద కూలాడు. కూలినవాణ్ణి లేపి మరీ కొట్టాడు. సైకిలు వెనక తగిలించిన ఇనుప బండిలో, బెల్టు కట్టిన సీట్లో కూర్చుని ఆరేళ్ళ కూతురు పైకి లెక్కపెడుతోంది.

"నాలుగు. అయిదు. ఆరు."

ఆ గొంతులో భయం లేదు. దారిలో కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టడం ఆ పిల్ల పని. ఊరికే కూర్చుంటే విసుగని తండ్రే అప్పగించాడు. ఆ వేళ రాళ్ళు ఆగిపోయాయి కాబట్టి ఎదురుగా కనిపించినవి లెక్కపెట్టింది. పక్క సీట్లో మూడేళ్ళ తమ్ముడికి కనుబొమ్మ చిట్లి, నెత్తురు కంట్లోకి కారుతోంది. వాడు ఏడుపు మానేసి చూస్తున్నాడు.

లెక్క తొమ్మిది దగ్గర ఆగింది. ఆపినవాడు గేటుమనిషి. చేతిలో ఉన్న జెండాకర్రతో సమ్మెట వీపు మీద బలంగా ఒక్కటేసి, "పిల్లాడి మొహం చూడరా ముందు" అన్నాడు.

అప్పుడు చూశాడు.

సమ్మెట అన్నది యార్డులో పెట్టిన పేరు. ప్రమాదాల్లో నుజ్జయిన కార్లు, కాలం తీరిన లారీలు ఆ యార్డుకి వస్తాయి. గ్యాస్ కట్టరుతో కోసేవాళ్ళు ముగ్గురున్నారు. కోతకి లొంగనిదాన్ని ఎనిమిది కిలోల సమ్మెటతో విడగొట్టేవాడు ఇతనొక్కడే. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా అదే చప్పుడు. సీట్ల మీద ఎండిన నెత్తురుంటే ముందు నీళ్ళు కొడతారు, తర్వాత కొడవలితో కవరు చీరుస్తారు. ఒక్కోసారి సీటు కింద చిన్నపిల్లల బూటు దొరుకుతుంది. దాన్ని గోడ మీద పెడతారు. ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు.

సమ్మెటకి కోపం ముక్కు మీదే ఉంటుంది. మేస్త్రీ కొత్తవాళ్ళకి అతన్ని పరిచయం చేసే తీరు ఒకటుంది. "వీడికి పని ఇస్తే ఇనుము విరగ్గొడతాడు, ఇవ్వకపోతే మనల్ని." అందులో అబద్ధమేమీ లేదు. తూకం దగ్గర మోసం చేశాడని ఒక లారీ క్లీనరు చెయ్యి విరిచాడు. గేటు తీయడం ఆలస్యం చేసిన వాచ్‌మన్‌ని గోడకేసి నొక్కాడు. చిన్నప్పుడు అతని తండ్రి పాత సైకిలు ట్యూబుతో కొట్టేవాడు. టీ తాగుతూ ఆ సంగతి నవ్వుతూనే చెబుతాడు. ట్యూబు తెగదు, మచ్చ పడదు, మా నాన్నకి తెలివెక్కువ, అంటాడు. వినేవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక గ్లాసులోకి చూస్తారు.

భార్య ఆసుపత్రిలో నర్సు. ప్రమాదాల గదిలో కట్లు కడుతుంది. కమిలిన చోటు రంగు చూసి దెబ్బ ఎన్ని రోజులదో చెప్పగలదు. కూతురికి నాలుగేళ్ళప్పుడు పాలగ్లాసు ఒలకబోసిందని సమ్మెట చెంప మీద కొట్టాడు. డ్యూటీ నుంచి వచ్చిన తల్లి ఆ చెంప మీద నాలుగు వేళ్ళూ చూసింది. అరవలేదు. అన్నం పెట్టింది, పిల్లని పడుకోబెట్టింది, వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంకోసారి ఏ మనిషి మీదైనా సరే, ఇంట్లోవాళ్ళయినా బయటివాళ్ళయినా, చెయ్యి చేసుకుంటే పిల్లల్ని తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళిపోతానంది. ఆమె ఒకసారి అన్న మాట రెండోసారి అనదు.

సైకిలు ఆ తర్వాత నెలలో వచ్చింది. వెనక భాగం నలిగిపోయిన ఒక వ్యానులో ఇరుక్కుని ఉంది. సన్నటి టైర్లు, వంకర హ్యాండిలు, ఇరవై గేర్లు. వ్యాను కోసి బయటికి తీశారు. సొంతదారు రాలేదు. సమ్మెట దాన్ని సరిచేసి ఇంటికి తీసుకెళ్ళాడు. మొదటిరోజు ముప్ఫై కిలోమీటర్లు తొక్కి వచ్చి, ఆ సాయంత్రం ఎవరి మీదా గొంతెత్తలేదు. చెయ్యెత్తే ఓపిక లేదు. భార్య అది గమనించింది. వంటింటి గోడ మీద క్యాలెండరులో, ఎన్ని కిలోమీటర్లయితే అన్ని ఆమే రాయడం మొదలుపెట్టింది. మందు డోసు రాసినట్టు రాసేది.

రెండేళ్ళలో ఆ డోసు పెరిగి పెరిగి ఆరువందల కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది. సైకిలు క్లబ్బువాళ్ళు పెట్టే సవారీ అది, నలభై గంటల్లో తొక్కాలి. దారిలో అక్కడక్కడా ఒక బల్ల వేసుకుని కూర్చుంటారు, చీటీ మీద ముద్ర వేస్తారు. ముద్రలన్నీ ఉంటే పూర్తిచేసినట్టు. యార్డులో దీని మీద పెద్ద చర్చే నడిచింది. మొదట వచ్చినవాడికి ఏమిస్తారని మేస్త్రీ అడిగాడు. ముద్ర వేస్తారన్నాడు సమ్మెట. మరి ఆఖరివాడికి? అదే ముద్ర. "అయితే మధ్యలో బస్సెక్కి రా, మేం ముద్ర చేయిస్తాం" అన్నాడు మేస్త్రీ.

తొక్కడం ఒక ఎత్తు, టైము దొరకడం ఒక ఎత్తు. తెల్లవారకముందే బయల్దేరి ఆరున్నరకి ఇంట్లో పడాలి. అప్పటికి భార్య చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆమె డ్యూటీ ఏడింటికి. ఆ తర్వాత పళ్ళు తోమించడం, జడ వెయ్యడం, ఒక బూటు దొరికితే రెండోది వెతకడం, టిఫిను డబ్బాలు. చెమట ఆరకముందే కొడుకు మెడకి వేలాడేవాడు. ఉప్పగా ఉన్నావని నాకి మరీ చెప్పేవాడు. పిల్లలకి జ్వరమొస్తే క్యాలెండరులో ఆ వారమంతా ఖాళీ.

ఆదివారాలు ఆమెకి సెలవు లేదు. దూరం తొక్కాలంటే ఆదివారమే తొక్కాలి, పిల్లలూ ఆదివారమే ఇంట్లో ఉంటారు. దానికి సమ్మెట తనకి తెలిసిన పనే చేశాడు. యార్డులో పడున్న పిల్లల కారుసీట్లు రెండు ఏరాడు. ఇనుప గొట్టాలు వెల్డింగు చేసి రెండు చక్రాల బండి కట్టాడు. గాలి మొహాన కొట్టకుండా సీట్లు వెనక్కి తిప్పి బిగించాడు. సైకిలుకీ బండికీ మధ్య కదిలే కీలు పెట్టాలని సైకిలు షాపువాడు చెప్పాడు. బండి వంగితే దానంతటదే వంగాలి, సైకిల్ని లాగకూడదట. సమ్మెట వినలేదు. రోజూ విరిగిన కీళ్ళే చూసేవాడికి కీలంటే నమ్మకం ఉండదు. లావుపాటి కడ్డీతో ఏకంగా అతికేశాడు. అంత గట్టి అతుకు ఆ యార్డులో ఎవరూ వెయ్యలేరు.

ఆరువందలకి ఇంకా ఆరు వారాలుందనగా ఆ ఆదివారం, ఊరి బయట రోడ్డు మీద తెల్ల కారు వెనకనుంచి హారను కొట్టింది. దారి ఇవ్వడానికి పక్కన జాగా లేదు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ. పక్కకొచ్చి కిటికీ దించి ఆ మనిషి ఏదో తిట్టాడు. సగం నీళ్ళున్న సీసా విసిరాడు. అది సమ్మెట మెడకి తగిలింది. కారు ముందుకి కోస్తూ బండి చక్రాన్ని రాసుకుంది. బండి ఎగిరి ఒరిగింది. కీలుంటే బండొక్కటే పక్కకి వాలేది. కడ్డీ వంగలేదు. సైకిలు, బండి, ముగ్గురు మనుషులు ఒక్క ముద్దగా కంకరలోకి పోయారు. కొడుకు కనుబొమ్మ ఇనుప గొట్టానికి కొట్టుకుంది.

సమ్మెట లేచాడు. అంతటినీ ఒక్క ఊపులో నిలబెట్టాడు. అర కిలోమీటరు అవతల గేటు పడి ఉండడం, దాని ముందు కారు ఆగి ఉండడం కనిపించింది. సీటెక్కి తొక్కాడు. కారుని దాటిపోయి గేటుకి ఆనించి ఆపాడు. సీట్లు వెనక్కి ఉన్నాయి కాబట్టి పిల్లలిద్దరికీ కారు సరిగ్గా కళ్ళముందుంది.

కొడుక్కి కుట్లు తల్లే వేసింది. నాలుగు. దెబ్బలు తిన్న మనిషిని కూడా అదే గదికి తెచ్చారు. రెండు పళ్ళు పోయి దవడ పక్కకి జరిగింది. అతనికీ ఆమే గాజుగుడ్డ అదిమింది. ఆ మనిషి మందుల కంపెనీలో తిరిగే ఉద్యోగి. ఇంట్లో చిన్నపిల్లలున్నారని, ఆలస్యమైందని తొందరపడ్డానని ముద్దముద్దగా చెప్పుకున్నాడు. పోలీసులు ఇద్దరి కేసులూ తూచి ఇద్దర్నీ తిట్టి పంపేశారు.

ఇంటికొచ్చాక ఆమె ఒక్కటే అడిగింది.

"బాబు నెత్తురు ఎప్పుడు చూశావు? వాణ్ణి కొట్టకముందా, కొట్టాకా?"

అతను చేతులవైపు చూసుకున్నాడు. వేళ్ళ గెణుపులు వాచి ఉన్నాయి. "కొట్టాక" అన్నాడు.

సమ్మెట కొట్టే మనిషే కాని అబద్ధాలాడే మనిషి కాదు. ఆమె బట్టలు సర్దుతూ చివరి మాట చెప్పింది. "ఆ ఆరువందలు మానకు. నలభై గంటలు రోడ్డు మీదుంటావు. ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటాడు, రాసుకుపోతాడు, తోస్తాడు. ఎవరి మీదా చెయ్యి లేపకుండా వచ్చావంటే ఇంటికొస్తాం. లేపితే రాం."

ఆరు వారాలు ఇల్లు అతనిదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు తొక్కొచ్చు. జడ లేదు, బూటు లేదు, టిఫిను లేదు. తొక్కాడు కాని క్యాలెండరులో రాసేవాళ్ళు లేరు. పిల్లల్ని చూడడానికి వారానికోసారి వదిన ఇంటికి వెళ్ళేవాడు. తోడల్లుడు స్కూలు వ్యాను నడుపుతాడు, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. "తమ్ముడూ, లోపలికి రా. చేతులు మాత్రం బయట చెప్పుల పక్కన వదిలిపెట్టు" అనేవాడు. ఒక సాయంత్రం వరండా మెట్ల దగ్గర సమ్మెట ఆగిపోయాడు. కూతురు తమ్ముణ్ణి కిందపడేసి గుద్దుతోంది. గుద్దుగుద్దుకీ లెక్కపెడుతోంది. తొమ్మిదికి రాగానే లేచి గౌను దులుపుకుని ఆడుకోవడానికి పోయింది. చాలు అన్నది ఆ పిల్లకి తొమ్మిదే. సమ్మెట లోపలికి వెళ్ళకుండా తిరిగొచ్చేశాడు.

శనివారం పొద్దున ఆరింటికి నలభై ఇద్దరు బయల్దేరారు. సమ్మెట అంతవరకు అంత జాగ్రత్తగా తొక్కలేదు. లారీ రాసుకుపోతే రోడ్డు దిగాడు. తిట్టినవాడికి దారిచ్చాడు. రొట్టె కొట్టు దగ్గర వరసలో ముందుకి దూరినవాణ్ణి దూరనిచ్చాడు. పళ్ళు బిగించి బిగించి దవడలు నొప్పెట్టాయి, కాళ్ళకంటే ముందు.

ఆదివారం తెల్లవారుతుండగా, మూడువందల తొంభై దాటాక, వెనకనుంచి జీపు వచ్చింది. అందులో తాగి ఉన్న కుర్రాళ్ళు. వెనక తలుపు పట్టుకుని వేలాడుతున్నవాడు కర్రతో సమ్మెట భుజం మీద కొట్టాడు. సైకిలు పడింది. మోచెయ్యి ఎముకదాకా చీరుకుంది. కొట్టినవాడు కూడా ఊపుకి చెయ్యి జారి రోడ్డు మీద బొక్కబోర్లా పడ్డాడు. జీపు చూసుకోలేదు. పాటల హోరులో మలుపు తిరిగిపోయింది.

రోడ్డు మీద ఇద్దరే మిగిలారు. కర్ర సమ్మెట కాళ్ళ దగ్గరే ఉంది. తీశాడు. ఆ కుర్రాడు లేవలేక పాకుతున్నాడు. వాడి మోకాలి మీద ఒక్కటి కొట్టాడు. ఎముక చప్పుడు అతనికి తెలిసిన చప్పుడే. కుర్రాడు అరిచాడు. కర్ర మళ్ళీ లేచింది, గాల్లో నిలబడింది. ఇంక వాడు పాకడం లేదు, మొహానికి చేతులడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు. సమ్మెట కర్రని పొదల్లోకి విసిరి, సైకిలెక్కాడు. మిగిలిన రెండువందల పది కిలోమీటర్లు ఒంటిచేత్తో తొక్కాడు. ముద్రలన్నీ పడ్డాయి. ఇంకా గంట పది నిమిషాలు మిగిలింది.

సోమవారం పొద్దున, డ్యూటీకి వెళ్ళకముందు, వదిన ఇంటి వరండాలో భార్య అతని మోచెయ్యి కడిగింది. రోడ్డు మీద జరిగింది ఎవరూ చూడలేదు. జీపువాళ్ళు ఫిర్యాదు చేసే రకం కాదు. పడ్డానంటే సరిపోయేది. గాయం కూడా అదే చెబుతుంది.

"ఎవరైనా ఏమైనా అన్నారా?" అంది దూది మార్చుతూ.

"ఒకణ్ణి కొట్టాను. ఒక్కటి. మోకాలు విరిగుంటుంది."

ఎక్కడ, ఎలా అని అడిగింది. అంతా చెప్పాడు. కిందపడి పాకుతున్నవాణ్ణే కొట్టానని కూడా చెప్పాడు. వినేసి, సూదిలోకి దారం ఎక్కించి, మత్తు లేకుండానే ఏడు కుట్లు వేసింది. అతను కదల్లేదు.

"ఇంటికి రాం" అంది కట్టు ముడేస్తూ. కత్తెర పక్కన పెట్టి, "ఆదివారాలు మాత్రం రా. ఇక్కడే, సాయంత్రం డ్యూటీ దిగి నేనున్నప్పుడు" అంది.

కొడుకు వచ్చి కట్టుని వేలితో పొడిచి చూసి, ఒళ్ళోకెక్కి కూర్చున్నాడు. కూతురు తలుపు చాటున నిలబడింది. పిలిస్తే వస్తుంది. భయానికైనా వస్తుంది. సమ్మెట పిలవలేదు. మంచి చెయ్యి పిల్లాడి వీపు మీద వేసుకుని, అలాగే కూర్చున్నాడు.